ఇంటి గ్యారేజీలో టెర్మినేటర్ కోబ్రా: ఇంజన్ దించడం నుంచి మళ్లీ స్టార్ట్ చేసేదాకా

ఫోర్డ్ కంపెనీలో ప్రత్యేక కార్లు చేసే ఎస్‌వీటీ (స్పెషల్ వెహికల్ టీమ్) విభాగం 2003, 2004 మోడళ్లుగా తెచ్చిన మస్టాంగ్ కోబ్రాని అందరూ ‘టెర్మినేటర్’ అనే పిలుస్తారు. మొదటి ఏడాది 13,476 కార్లు, రెండో ఏడాది 5,664 కార్లు తయారయ్యాయి. ఇవాళ మార్కెట్లో దొరికే ఏ టెర్మినేటర్ అయినా ఇరవయ్యేళ్లు దాటిందే. బయటికి ఎంత మెరుస్తున్నా లోపల రబ్బరు సీళ్లు, ప్లాస్టిక్ చైన్ గైడ్లు, బ్లోయర్ (సూపర్‌చార్జర్) బేరింగులు వాటి వయసులోనే ఉంటాయి.

విప్పి బిగించడానికి ఇంతకంటే మంచి ఇంజన్ దొరకడం కష్టం. 4.6 లీటర్ల వీ8, ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్లు, సిలిండర్‌కి నాలుగేసి వాల్వులు, ఫోర్జ్ చేసిన క్రాంకు, మాన్లీ కంపెనీ ఫోర్జ్‌డ్ కనెక్టింగ్ రాడ్లు, ఫోర్జ్‌డ్ పిస్టన్లు. కంప్రెషన్ 8.5:1. పైన ఈటన్ ఎం112 సూపర్‌చార్జర్ సుమారు 8 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్, అంటే అదనపు గాలి ఒత్తిడి, ఇస్తుంది. ఫ్యాక్టరీ లెక్క 390 హార్స్‌పవర్, 390 అడుగు-పౌండ్ల టార్క్. మిషిగన్‌లోని రోమియో ప్లాంటులో ఇద్దరేసి మనుషులు చేత్తో బిగించి, వాల్వ్ కవరు మీద తమ సంతకాల పలక అతికించేవారు. ఆ పలకని జాగ్రత్తగా ఉంచండి. కవర్లు పౌడర్ కోటింగ్‌కి ఇచ్చేటప్పుడు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ఈ పని ఏ వరసలో చేయాలో ముందే అనుకోవాలి. ఇంజన్ని మొదట ఫ్యాక్టరీ బూస్ట్‌కే కట్టాలి. చిన్న పుల్లీ, పెద్ద ఇంజెక్టర్లు ఆ తర్వాతి సంగతి. కొత్త రింగులు, కొత్త బేరింగులు, కొత్త పుల్లీ, కొత్త ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు) అన్నీ ఒకేసారి పెడితే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు.

విప్పకముందు

ఇంజన్ నడుస్తున్న కారయితే స్పానర్ పట్టుకునే ముందే రెండు పరీక్షలు చేయాలి. మొదటిది కంప్రెషన్ టెస్ట్. ఎనిమిది ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి చూడాలి. అన్నిటికంటే తక్కువ వచ్చిన సిలిండర్, ఎక్కువ వచ్చినదానిలో కనీసం 75 శాతం ఉండాలి. రెండోది లీక్‌డౌన్ టెస్ట్, అంటే సిలిండర్లోకి గాలి పెట్టి ఎంత శాతం కారిపోతుందో చూడడం. పది శాతంలోపు లీకయితే ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇరవై దాటితే గాలి ఎటు పోతుందో చెవి పెట్టి వినండి. ఆయిల్ పోసే మూత దగ్గర బుసబుస వినిపిస్తే రింగులు, ఎగ్జాస్ట్ గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్. సిలిండర్ నంబరు వేసి రాసి పెట్టుకోండి. పనంతా అయ్యాక ఈ కాగితంతోనే పోల్చి చూసుకోవాలి. ప్రయాణికుడి వైపు ముందు నుంచి వెనక్కి 1, 2, 3, 4. డ్రైవర్ వైపు 5, 6, 7, 8.

డ్రైవర్ వైపు హెడ్డు వెనక కొసన టిక్కు టిక్కుమనే చప్పుడుందేమో కూడా వినండి. 2003లో ముందుగా వచ్చిన కార్లలో ఇది పేరుమోసిన రోగం. ఆ మూల కూలెంట్ కదలిక తక్కువ కాబట్టి 7, 8 సిలిండర్ల దగ్గర వేడి నిలిచిపోయి వాల్వ్ గైడ్లు అరిగిపోతాయి. హెడ్డు విప్పినప్పుడు గైడ్లు మార్పించడంతో ఆగకూడదు. ఆ హెడ్డు వెనక నుంచి హీటర్ లైన్లోకి కూలెంట్ దారి కలిపే కిట్ కూడా అప్పుడే పెట్టాలి. ఇంజన్ కార్లోకి ఎక్కాక ఆ చోటికి చెయ్యి పోదు.

చోటు, సామాను

డాలస్, అట్లాంటా శివార్లలో మనవాళ్ల ఇళ్లకుండే రెండు కార్ల గ్యారేజీ ఈ పనికి సరిపోతుంది, రెండో కారు కొన్ని నెలలు బయట ఉండేట్టయితే. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు ముందే చదవండి. చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో కారు రిపేరు ఒప్పుకోరు కాబట్టి కారు, హాయిస్టు, ఇంజన్ స్టాండు మూడూ షట్టర్ లోపలే పట్టాలి. హాయిస్టు చెయ్యి పైకెత్తితే గ్యారేజీ తలుపు పట్టాలకు తగులుతుందేమో టేపుతో కొలిచి చూసుకోండి. ఇంజన్ గాల్లో ఉన్నప్పుడు ఆ సంగతి తెలిస్తే చేయగలిగిందేమీ ఉండదు.

రెండు టన్నుల హాయిస్టు, వెయ్యి పౌండ్లు మోసే నాలుగు చక్రాల ఇంజన్ స్టాండు, గేర్‌బాక్సుకి వేరే జాకీ అద్దెకు తెచ్చుకోవచ్చు. కొలత సామానుకి మాత్రం డబ్బు దాచుకోవద్దు. బయటి కొలతకు మైక్రోమీటర్లు, బోర్ కొలిచే డయల్ గేజీ, ఫీలర్ గేజీలు, రింగ్ ఫైలరు, ఒకటి అంగుళం-పౌండ్లలో ఒకటి అడుగు-పౌండ్లలో చూపే రెండు టార్క్ రెంచీలు, కోణం చూపే గేజీ కావాలి. ఆ ఏడాది కారుకి ఫోర్డ్ అచ్చేసిన వర్క్‌షాప్ మాన్యువల్ కూడా పక్కనే ఉండాలి. ఈ వ్యాసంలో ఇవ్వని ప్రతి టార్క్ అంకె దాన్నుంచే తీసుకోండి.

దించడం

ముందు పెట్రోల్ లైన్లో ఒత్తిడి తీసేయాలి. డిక్కీలో ఎడమ వైపు లైనింగ్ వెనక, కారు గుద్దుకుంటే పెట్రోల్ పంపుని ఆపేసే ఇనర్షియా స్విచ్ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా దాని కనెక్టర్ పీకితే దానంతటదే ఆగిపోతుంది. ఇంకో ఐదు సెకన్లు క్రాంక్ చేసి, అప్పుడు బ్యాటరీ విప్పండి. ఏసీ గ్యాస్ జోలికి పోనక్కర్లేదు. కంప్రెసర్ బోల్టులు తీసి, గొట్టాలు కదపకుండా పక్కకి కట్టేస్తే చాలు.

బానెట్ తీసి, టీ56 గేర్‌బాక్సుని ముందు కింది నుంచి దించి, తర్వాత ఇంజన్ని పైనుంచి ఎత్తడం ఇంట్లో తేలిక. గేర్‌బాక్సుని జాకీ లేకుండా ఛాతీ మీద ఆనించుకుని దించే ప్రయత్నం చేయొద్దు. బ్లోయర్‌ని కూడా ఇంజన్ ఎత్తకముందే విప్పి తీసేస్తే బరువు తగ్గుతుంది, గొలుసు తగిలించడానికి చోటు దొరుకుతుంది. బ్లోయర్ తీసిన వెంటనే ఇన్‌టేక్ దారులన్నీ గుడ్డతో కాదు, టేపుతో మూయండి. గుడ్డ జారి లోపల పడుతుంది.

విప్పేటప్పుడు ప్రతి గుంపు బోల్టుల్నీ వేరే సంచిలో వేసి పేరు రాయండి. మెయిన్ క్యాపులు, రాడ్ క్యాపులు, క్యామ్ క్యాపులు, వాల్వ్ ఫాలోయర్లు ఎక్కడివక్కడే, ఎటువైపు తిరిగినవి అటే వెళ్లాలి. ఒక్క రాడ్ క్యాపు తారుమారైనా ఆ బేరింగు ఎక్కువకాలం నిలవదు.

లేత్ షాపు వాళ్లని ఏం అడగాలి

బ్లాకు, క్రాంకు, హెడ్లు షాపుకిచ్చి ‘చూడండి’ అంటే వాళ్లకి తోచింది చేస్తారు. పని పేరు పెట్టి అడగాలి. బ్లాకుని వేడి ట్యాంకులో కడగాలి, పగుళ్లకి మ్యాగ్నెటిక్ పరీక్ష చేయాలి, టార్క్ ప్లేటు (హెడ్డు బదులు బిగించే మందపాటి లోహపు పలక) బిగించి హోనింగ్ (బోరు గోడని రాళ్లతో సన్నగా అరగదీయడం) చేయాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. హెడ్ బోల్టులు బిగిసినప్పుడు సిలిండర్ గోడ కొద్దిగా వంగుతుంది. ప్లేటు లేకుండా గుండ్రంగా చేసిన బోరు, హెడ్డు బిగించాక గుండ్రంగా ఉండదు. రింగులు ఎంత ఖరీదైనవైనా అప్పుడు అతకవు.

అసలు బోరు 3.552 అంగుళాలు. పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, రెండు దిక్కుల్లో కొలవండి. తేడా 1 థౌ (అంగుళంలో వెయ్యో వంతు) లోపే ఉంటే హోనింగ్‌తో పోతుంది. దాటితే 20 థౌ బోరింగు చేయించి ఆ సైజు పిస్టన్లు తెప్పించండి. పిస్టన్లు చేతికొచ్చాకే బోరింగుకి ఇవ్వాలి. పిస్టనుకీ గోడకీ మధ్య ఎంత సందుండాలో పిస్టన్ లోహాన్ని బట్టి కంపెనీ కాగితం చెబుతుంది. 2618 రకం అల్యూమినియం 4032 రకం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి ఎక్కువ సందు కావాలి. చల్లగా ఉన్నప్పుడు కాస్త గలగలమన్నా ఫర్వాలేదు.

మెయిన్ బోల్టుల బదులు స్టడ్లు వేస్తే బిగింపు మారి క్యాపు ఆకారం మారుతుంది. ఆ స్టడ్లు షాపుకిచ్చి, వాటితోనే బిగించి, మెయిన్ బోరు వరుసలో ఉందో లేదో చూడమనండి. అవసరమైతే లైన్ హోనింగ్ చేస్తారు.

కింది సగం

షాపు నుంచి వచ్చిన బ్లాకు శుభ్రంగా కనబడుతుంది గానీ శుభ్రంగా ఉండదు. వేడి నీళ్లు, గిన్నెల సబ్బు, పొడవాటి బ్రష్షులతో ప్రతి ఆయిల్ దారీ తోమండి. బోర్లని తెల్ల గుడ్డకి నూనె రాసి తుడుస్తూనే ఉండండి. గుడ్డ మీద బూడిద రంగు మచ్చ రాకపోతేనే హోనింగ్ పొడి పోయినట్టు. చాలా ఇంజన్లు తొలి గంటలోనే బేరింగులు కొట్టేయడానికి కారణం ఈ ఒక్క పని తొందరగా ముగించడమే.

బేరింగు సందుకి లెక్క: జర్నల్ (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) వ్యాసం ప్రతి అంగుళానికీ 0.8 నుంచి 1 థౌ. ముందు మాన్యువల్ పరిమితులు చూడండి, ఈ లెక్కతో పోల్చుకోండి. బేరింగు షెల్ పెట్టి, క్యాపు పూర్తి టార్కుకి బిగించి, బోర్ గేజీతో కొలవండి. ప్లాస్టిగేజ్ (నలిగి సందు ఎంతో చూపే సన్నటి ప్లాస్టిక్ దారం) రెండోసారి సరిచూసుకోవడానికే. మెయిన్ క్యాపులకి పక్క నుంచి కూడా బోల్టులుంటాయి. నిలువు బోల్టులు పూర్తయ్యాకే వాటి వంతు. ప్రతి క్యాపు బిగించాక క్రాంకు చేత్తో తిప్పుతూ పోండి. ఏ క్యాపు దగ్గర బిగుసుకుంటే తప్పు అక్కడే ఉంది.

ఇప్పుడు రింగుల సందు. సూపర్‌చార్జర్ ఉన్న ఇంజన్లో పై రింగు చాలా వేడి తాగుతుంది. వేడికి పొడుగు పెరిగి రెండు కొసలూ ఒకదాన్నొకటి తాకితే, రింగు పోవడానికి చోటు లేక పిస్టన్ గట్టునే విరగ్గొడుతుంది. ‘బూస్ట్ తట్టుకోలేక పిస్టన్ పోయింది’ అన్న మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే. లెక్క సులువు: బోరుని 0.006తో గుణించండి. 3.552 × 0.006 = 0.0213, అంటే 21 థౌ. రెండో రింగుకి ఇంకో 1 లేదా 2 థౌ ఎక్కువ. మొదటి రెండు రింగుల మధ్య గ్యాస్ చిక్కుకుంటే పై రింగు పైకి లేస్తుంది, దానికి దారి ఉండాలి. రింగుని బోరులోకి తోసి, పిస్టన్‌ని తలకిందులుగా పెట్టి అంగుళం లోతుకి నెడితే తిన్నగా కూర్చుంటుంది. ఒక కొస మాత్రమే అరగదీయండి. ఆకురాయి బయటి అంచు నుంచి లోపలికి నడవాలి, వెనక్కి లాగితే పూత పెచ్చులూడుతుంది. రెండు మూడు తిప్పులకోసారి కొలవండి. సందు చాలకపోతే ఇంకాస్త తీయొచ్చు. ఎక్కువ తీస్తే ఆ రింగు చెత్తబుట్టకే. సిలిండర్ వారీగా పదహారు రింగులూ నంబరేసి పెట్టుకోండి.

ఆయిల్ పంపు క్రాంకు ముందు కొసనే తిరుగుతుంది. ఫ్యాక్టరీ పంపులోని గేర్లు లోహపు పొడిని అదిమి చేసినవి. ఎక్కువ ఆర్పీఎం, బ్లోయర్ బెల్ట్ లాగుడు, క్రాంకు అదురు కలిస్తే ముక్కలవుతాయి. బిల్లెట్ గేర్లు (ఒకే స్టీలు దిమ్మ నుంచి చెక్కినవి) పెట్టండి. ఈ ఇంజన్లో ఒక్క పార్టుకే అదనంగా డబ్బు పెట్టగలిగితే అది ఇదే. పంపు బిగించే ముందు లోపల ఇంజన్ ఆయిల్ నింపండి, పికప్ గొట్టానికి కొత్త ఓ-రింగ్ వేయండి.

హెడ్లు, చైన్లు

బ్లాకు పైముఖం, హెడ్డు కిందిముఖం అద్దంలా నున్నగా, చదునుగా ఉంటేనే పొరల స్టీలు గాస్కెట్ పట్టుకుంటుంది. గాస్కెట్ మురికి తీయడానికి గ్రైండరుకి గరుకు డిస్కు తగిలించొద్దు. అల్యూమినియం గుంటలు పడుతుంది, రాలిన పొడి బేరింగుల్లోకి పోతుంది. బోల్టు గుంటల్లో నూనె గానీ నీళ్లు గానీ ఉంటే గాలి పైపుతో ఊదేయండి. ద్రవం నలగదు. బోల్టు దాన్ని నొక్కితే టార్క్ రెంచ్ సరైన అంకే చూపిస్తుంది గానీ హెడ్డు బిగిసి ఉండదు, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది.

ఫ్యాక్టరీ హెడ్ బోల్టులు సాగేవి కాబట్టి ఒక్కసారే పనికొస్తాయి. కొత్తవి వేసి, మాన్యువల్ చెప్పిన వరసలో మొదట 27 నుంచి 32 అడుగు-పౌండ్లు, తర్వాత 85 నుంచి 95 డిగ్రీలు, మళ్లీ ఇంకో 85 నుంచి 95 డిగ్రీలు తిప్పాలి. ప్రతి విడతా పది బోల్టులకూ పూర్తయ్యాకే తర్వాతి విడత. స్టడ్లు వేస్తే ఈ అంకెలు చెల్లవు, స్టడ్ తయారీదారు చెప్పిన టార్కు, అతనిచ్చిన గ్రీజే వాడాలి.

టైమింగ్ దగ్గర తొందర పనికిరాదు. క్రాంకు నుంచి ఒక్కో హెడ్డుకి ఒక్కో పెద్ద చైను, హెడ్డు లోపల ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ క్యామ్‌లని కలిపే ఇంకో చిన్న చైను ఉంటాయి. గైడ్లు, టెన్షనర్లు, చైన్లు అన్నీ కొత్తవే వేయండి. రంగు వేసిన లింకులు గుర్తుల మీద కూర్చోబెట్టి ఫొటో తీసుకోండి, ఎందుకంటే ఇంజన్ తిరిగాక ఆ లింకులు మళ్లీ గుర్తుల మీదికి రావడానికి చాలా చుట్లు పడతాయి. ఈ ఇంజన్లో టైమింగ్ తప్పితే పిస్టన్లు వాల్వులకి తగులుతాయి. టెన్షనర్ పిన్నులు తీశాక క్రాంకుని పొడవాటి రెంచీతో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. గట్టిగా ఆగిన చోట బలం చేయొద్దు, అక్కడే ఆపి మళ్లీ గుర్తులు చూడండి.

ముందు కవరు బిగించేటప్పుడు హెడ్డు, బ్లాకు కలిసేచోట, బ్లాకు, ఆయిల్ పాన్ కలిసేచోట చిన్న చుక్క సిలికాన్ పెట్టాలి. ఆరకముందే కవరు బిగిసిపోవాలి. క్రాంకు బ్యాలెన్సర్ తాళపు గాడిలో కూడా కాస్త సిలికాన్ రాయండి. అది మర్చిపోతే ఆ గాడి వెంట ఆయిల్ కారి బెల్ట్ మీద పడుతుంది, బెల్ట్ జారుతుంది, బూస్ట్ తగ్గుతుంది. కారణం దొరక్క అవస్థ పడేది మీరే.

బ్లోయర్, ఇంటర్‌కూలర్

ఎం112 ఒక్క చుట్టుకి 112 ఘనపుటంగుళాల గాలి తోస్తుంది. రూట్స్ తరహా బ్లోయర్ కాబట్టి లోపల గాలిని నొక్కదు, మానిఫోల్డులోకి నెట్టి అక్కడ ఒత్తిడి పెంచుతుంది. ఆ పద్ధతిలో గాలి బాగా వేడెక్కుతుంది. అందుకే దాని కింద నీటితో చల్లబడే ఇంటర్‌కూలర్ పెట్టారు.

ఇంట్లో చేయదగ్గ బ్లోయర్ పని ముందు ముక్కు భాగం వరకే. పాత నూనె తీసేయండి. నల్లగా, చిక్కగా, కాలిన వాసనతో ఉంటే బేరింగులు మార్చాల్సిందే. ఐడిల్‌లో గలగలలాడితే లోపలి కప్లర్ పిన్ను గుంటలు అరిగినట్టు. దాన్ని మార్చడం తేలిక. ముక్కు బేరింగులూ సీలూ ప్రెస్ మీద మారతాయి. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించొద్దు, ఆ దెబ్బ బేరింగు గోళీల మీద పడుతుంది. దానికని చేసిన పుల్లర్, ఇన్‌స్టాలర్ వాడండి. రోటర్లు రెండూ గేర్లతో జత కలిసి ఉంటాయి. ఆ గేర్లు మాత్రం ఇంట్లో విప్పొద్దు. రోటర్ల పూత మీద, కేసు గోడ మీద తాజా గీతలు కనబడితే వెనక బేరింగులు పోయి రోటర్లు రాసుకుంటున్నట్టు, అప్పుడు బ్లోయర్ పనివాళ్ల దగ్గరికే పంపాలి. ముక్కులో ఈటన్ బ్లోయర్లకని చెప్పిన సింథటిక్ నూనే పోయాలి. ఇంజన్ ఆయిల్ ఆ వేడికి నురగవుతుంది.

బైపాస్ వాల్వుని చేతి వాక్యూమ్ పంపుతో పరీక్షించండి. లాగితే తెరుచుకుని అలాగే నిలవాలి. డయాఫ్రం చిల్లిపడితే బైపాస్ ఎప్పుడూ మూసే ఉంటుంది. మామూలుగా నడుపుతున్నప్పుడు కూడా బ్లోయర్ గాలిని వేడి చేస్తూనే ఉంటుంది.

ఇంటర్‌కూలర్ కోర్‌ని పెట్టేముందు పరీక్షించకపోవడం పెద్ద తప్పు. ఒక నోరు మూసి, రెండో నోట్లోంచి 15 నుంచి 20 పీఎస్ఐ గాలి పెట్టి, నీళ్ల తొట్టిలో అరగంట ముంచండి. ఒక్క బుడగ వచ్చినా వాడొద్దు. ఇది ఇన్‌టేక్ దారిలోనే ఉంటుంది కాబట్టి, కారితే కూలెంట్ నేరుగా సిలిండర్లోకి దిగుతుంది. మర్నాడు స్టార్టర్ నొక్కితే నీళ్లు నలగక రాడ్డు వంగుతుంది. కారు ముందుండే విద్యుత్ పంపుని బ్యాటరీ తగిలించి బకెట్లో పెట్టి నడిపి చూడండి. పాతదైతే కొత్తది వేయడమే మేలు. కూలెంట్ నింపాక పంపు నడుపుతూ బుడగలు ఆగేదాకా ట్యాంకు మూత తీసి ఉంచండి. గాలి చిక్కుకుంటే పంపు శబ్దం వస్తూనే ఉంటుంది, నీళ్లు మాత్రం తిరగవు.

మొదటి స్టార్ట్

ఆయిల్ 6 క్వార్టులు. తొలి విడతకి సింథటిక్ కాదు, బ్రేక్-ఇన్ కోసం అమ్మే మినరల్ ఆయిల్. ప్లగ్గులు బయటే ఉంచి, ఇంజెక్టర్ల, కాయిల్స్ కనెక్టర్లు పీకి, గేజీ మీద ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా పది పది సెకన్లు ఆగి ఆగి క్రాంక్ చేయండి. డ్యాష్‌బోర్డు గేజీని నమ్మకండి, మెకానికల్ గేజీ తగిలించండి. ప్రెషర్ వచ్చాకే ప్లగ్గులు, పెట్రోల్.

ఇది రోలర్ ఫాలోయర్ల ఇంజన్. పాత క్యామ్‌లకి చేసినట్టు ఇరవై నిమిషాలు రెండు వేల ఆర్పీఎం మీద నిలబెట్టనక్కర్లేదు. లీకులు చూసి, వేడెక్కనిచ్చి, రోడ్డు మీదికి తీసుకెళ్లండి. రింగులు అతకాలంటే బరువు పడాలి. మూడో గేరులో సగం థ్రాటిల్ ఇచ్చి, వదిలేసి గేరులోనే నెమ్మదించనివ్వాలి, పది పన్నెండుసార్లు. ఇంజన్ కట్టిన తొలిరోజుల్లో బూస్ట్ గేజీ సున్నా దాటనీయొద్దు. ఆ మొదటి తిప్పు తర్వాతే ఆయిల్, ఫిల్టర్ మార్చండి.

పుల్లీ మార్చాలనుకుంటే

ఫ్యాక్టరీ పై పుల్లీ సుమారు 3.65 అంగుళాలు. దాని బదులు 2.93 పెడితే బ్లోయర్ పాతిక శాతం వేగంగా తిరుగుతుంది. ఎం112 అంత వేగంలో గాలి కంటే వేడినే ఎక్కువగా పెంచుతుంది. అందుకే పుల్లీతోపాటు ముందుండే హీట్ ఎక్స్ఛేంజర్ పెద్దది పెట్టాలి.

పెట్రోల్ లెక్క కూడా ముందే వేసుకోండి. ఫ్యాక్టరీ ఇంజెక్టర్లు గంటకి 39 పౌండ్లవి. 39 × 8 = 312. భద్రత కోసం 85 శాతమే వాడుకుంటే 265. సూపర్‌చార్జర్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకి సుమారు 0.62 పౌండు పెట్రోల్ తాగుతుంది. 265ని 0.62తో భాగిస్తే 427. అంటే ఫ్యాక్టరీ 390 మీద మిగులు చాలా కొంచెమే. 60 పౌండ్లవి వేస్తే ఇదే లెక్కలో 658 దాకా చోటుంటుంది. ట్యూన్ చేయకుండా పుల్లీ ఒక్కటే మారిస్తే మిశ్రమం పలచబడి, నాకింగ్ మొదలై, ఒక్క లాగుడులో పిస్టన్ పోవచ్చు. పొగలో ఆక్సిజన్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి, పూర్తి బూస్ట్‌లో గాలి-పెట్రోల్ నిష్పత్తి 11.5 దగ్గర ఉంచమని ట్యూనర్‌ని అడగండి. ప్లగ్ సందు 32 నుంచి 35 థౌకి తగ్గించండి, లేకపోతే బూస్ట్‌లో నిప్పురవ్వ ఆరిపోయి మిస్ కొడుతుంది. పెట్రోల్ 91 ఆక్టేన్‌కి తగ్గొద్దు. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు పుల్లీ కొనేముందు దానికి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఈఓ నంబరు (ఆ పార్టుకి అనుమతి ఉందని చూపే ఉత్తర్వు సంఖ్య) ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే స్మాగ్ టెస్ట్‌లో కారు ఆగిపోతుంది.

500 మైళ్ల దగ్గర మళ్లీ ఆయిల్ మార్చండి. పాత ఫిల్టర్ని కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండలో పట్టుకుని చూడండి. వెండి పొడిలా సన్నగా మెరిస్తే కొత్త రింగుల అరుగుదల, మామూలే. గోటికి తగిలే రేకులుంటే బేరింగు, పాన్ దించాల్సిందే. ఏమీ లేకపోతే ప్లగ్గులు తీసి లీక్‌డౌన్ మళ్లీ చేసి, మొదట్లో రాసుకున్న కాగితం పక్కన కొత్త అంకెలు వేయండి. ఎనిమిది సిలిండర్లూ పది శాతంలోపు ఉంటే సింథటిక్ ఆయిల్ పోసి, ఇక పూర్తి 8 పీఎస్ఐ వాడుకోవచ్చు.